రొయ్యల షెడ్డులో బంతి భోజనం

జీవితంలో సగానికి పైగా మెడికల్ కాలేజీలో గడిపినా నాకు జ్వరం బిళ్ళ రాయడం కూడా రాదు. నేను డాక్టర్ని కాదు. మా కోనసీమలోనే ఒక మెడికల్ కాలేజీలో, సామాజిక వైద్య విభాగంలో, పీజీ చదివే పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టార్ని. పిల్లలు ఊళ్ళు తిరిగి తెచ్చిన జబ్బుల వివరాలు లెక్క కట్టి, అందులో నిజమెంతో గాలివాటమెంతో చెప్పడం నా పని. విభాగంలో అందరూ డాక్టర్లు, నేనొక్కణ్ణే మాస్టారు.

మా ముక్తేశ్వరంలో ఈ తేడా ఎవరికీ పట్టలేదు. సాయంత్రం బస్సు దిగేసరికి ఎవరో ఒకరు నాలుక చాపి చూపించేవారు. నేను డాక్టర్ని కాదండీ అంటే వినయం కాబోలనుకుని ఇంకాస్త గౌరవించేవారు. చివరికి, మంచినీళ్ళు బాగా తాగండి, కారం తగ్గించండి అనడం నేర్చుకున్నాను. దాంతో నయమైనవాళ్ళు కూడా ఉన్నారు. ఆ గొప్ప నాది కాదు, నీళ్ళది.

ఇప్పుడు పీజీలో చేరిన పిల్లలు కొందరు, రిటైరయ్యాక తీరిగ్గా ఉన్నారు కదా, మీ అనుభవం ఏదైనా రాసివ్వండి మాస్టారూ అని అడిగారు. అనుభవం అంటే నాకున్నవన్నీ లెక్కలు. అవి రాస్తే మీరు చదవరు, మీ ముందువాళ్ళు క్లాసులోనే వినలేదు. అందుకని ఒక రోజు సంగతి చెబుతాను. ఆ రోజు కోసం ముందు నా ‘వార్తలు-అవకాశాలు’ పేజీ గురించి కొంచెం చెప్పాలి.

మా విభాగం హెడ్ మేడం విశాఖపట్నం నుంచి వచ్చినావిడ. మాటలో చురుకు, నడకలో అంతకన్నా చురుకు. ఆవిడ వచ్చిన కొత్తలో కనిపెట్టిన విషయం ఏమిటంటే, మన పిల్లలకి తెలివి ఉంది గానీ బయట ఏం జరుగుతోందో తెలియదని. ఎక్కడ సదస్సు పెడుతున్నారో, ఎవరు శిక్షణకి పిలుస్తున్నారో, ఏ పత్రికకి వ్యాసం పంపొచ్చో అంతా గడువు దాటాక తెలుస్తోంది. అందుకని ప్రతి సోమవారం ఒక పేజీ వార్తలు తయారుచేసి బోర్డుకి అంటించాలని, గ్రూపులో పెట్టాలని నిర్ణయించారు. ఎవరు తయారుచేయాలన్న ప్రశ్న రాగానే డాక్టర్లందరికీ ఒకేసారి రోగులు గుర్తొచ్చారు. రోగుల్లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ పని నాకు దక్కింది.

నేను దాన్ని శ్రద్ధగానే చేశాను. ఫలానా చోట వేసవి శిక్షణ, ఫలానా సదస్సుకి పత్రాల ఆహ్వానం, మన రెండో సంవత్సరం అమ్మాయి వ్యాసం అచ్చయింది, మన పాత విద్యార్థికి మొగపిల్లాడు. ఇలా రాసి చివరి లైనులో ఆ రోజు కాంటీన్‌లో టిఫిన్ ఏమిటో వేసేవాణ్ణి. అది సరదాకి మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి తెలిసిందేమిటంటే, పిల్లలు కింద నుంచి చదువుతున్నారు. పెసరట్టు ఉన్న సోమవారం పైకి రాకుండానే కాంటీన్‌కి వెళ్ళిపోతున్నారు.

ఆ రోజుల్లో మా దగ్గర ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి పీజీ చేస్తుండేది. నాన్న చెరువుల మీద కాపలా పని, అమ్మ రొయ్యల షెడ్డులో పని. షెడ్డంటే మీలో పట్నం పిల్లలకి తెలియకపోవచ్చు. చెరువుల్లోంచి పట్టిన రొయ్యల్ని ఐసులో వేసి తెస్తారు. ఆడవాళ్ళు బల్లల ముందు నిలబడి, ఆ ఐసు నీళ్ళలోంచి ఒక్కొక్కటీ తీసి తల తుంచి, పెంకు ఒలిచి అటు పడేస్తుంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు ఆ నీళ్ళలోనే. పైగా రొయ్య తల మీద ముల్లుంటుంది, అది గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ ఆడవాళ్ళ చేతుల మీదే ఆ అమ్మాయి థీసిస్. తన అమ్మ పనిచేసే షెడ్డు మాత్రం వద్దన్నాను. సొంత మనుషుల్ని లెక్కలోకి తీసుకుంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది. సరేనండీ అని పక్క ఊరి షెడ్డు ఎంచుకుంది. ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి వచ్చింది. చేతులు మండుతాయా, పగుళ్ళున్నాయా, రాత్రిళ్ళు నొప్పి ఉంటుందా అని అడిగింది. ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టింది. చూస్తే అందరూ లేదు, లేదు, లేదు. కోనసీమంత ఆరోగ్యమైన చేతులున్న చోటు భూమ్మీద ఉండదనిపించేలా ఉన్నాయి.

“అమ్మా, ఈ లెక్క ప్రకారం నీ థీసిస్ అయిపోయింది. జబ్బే లేదు” అన్నాను.

ఆ అమ్మాయి వాదించలేదు. “లేదని ఎందుకు చెప్పేరో నాకు తెలుసండి మాస్టారూ. ఒక వారం టైమివ్వండి” అని కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.

వారం దాటాక వచ్చింది. ప్రశ్నలన్నీ అవే, చివర ఒకటి కొత్తగా చేర్చింది. ఇంట్లో అన్నం చేత్తో తింటారా, చెంచాతో తింటారా? అంతే. దానికి మాత్రం నూటికి తొంభై మంది మొహమాటం లేకుండా జవాబు చెప్పారు. చెంచాతో.

ఇదేం ప్రశ్న అన్నాను. అప్పుడు చెప్పింది. ఇంటికొచ్చినవాళ్ళ ముందు కష్టం చెప్పుకోవడం మర్యాద కాదని లేదంటారట, చెంచా సంగతైతే ఎవరికీ దాచాలనిపించదట. తనకి బుద్ధి తెలిసినప్పటి నుంచీ వాళ్ళమ్మ చెంచాతోనే తింటుందట. చేతులు పగిలి ఉండడం వల్ల పులుసు తగిలినా పచ్చడి తగిలినా మంట. పిల్లకి పెట్టడం కూడా చెంచాతోనే. చిన్నప్పుడు ఈ అమ్మాయి అమ్మలందరూ చెంచాతోనే తింటారని అనుకునేదట. హాస్టల్లో చేరాక, సెలవులకి వెళ్ళొచ్చిన స్నేహితురాళ్ళు మా అమ్మ కలిపిపెట్టిన ఆవకాయ ముద్ద అని చెప్పుకుంటుంటే, ఆ ముద్ద ఎలా ఉంటుందో తనకి తెలియదని అప్పుడు తెలిసిందట.

ఆ మాట చాలా మామూలుగా చెప్పింది. నేను మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా అదే నెలలో నా సోమవారం పేజీలోకి ఒక పెద్ద అవకాశం వచ్చింది. వేరే రాష్ట్రంలో ఒక సంస్థ, పనిచోట వచ్చే జబ్బుల మీద ఆరునెలల శిక్షణ ఇస్తామంది. శిక్షణతో ఆగకుండా, విద్యార్థి కనిపెట్టిన సమస్యకి మందో మార్గమో సొంత ఊళ్ళోనే ప్రయత్నించి చూడ్డానికి కావలసిన సామానూ సాయమూ వాళ్ళే ఇస్తారు. చేతి తొడుగుల మీద పనిచేసే నిపుణులు అక్కడ ఉన్నారు. ఇది ఈ అమ్మాయి కోసమే పెట్టారా అన్నట్టుంది. పేజీలో మొదటి వార్తగా, లావు అక్షరాలతో వేశాను. ఆ రోజు కాంటీన్‌లో ఉప్మా, కాబట్టి పైనుంచే చదువుతారని ధైర్యం.

వారం గడిచింది. ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదు. ఆ అమ్మాయిని అడిగితే, మా సీనియర్ గారున్నారు కదండీ, ఆయన పెట్టుకోవాలి కదండీ అంది. ఆ సీనియర్ రాజోలు అబ్బాయి, బంగారంలాంటివాడు. అతన్ని అడిగితే, ఆ అమ్మాయి పెడితే బాగుంటుందండీ అన్నాడు. ఆ మాట ఆ అమ్మాయితో చెప్పావా అంటే, చెబితే నేను వద్దన్నాను కాబట్టి తను పెట్టిందని నలుగురూ అనుకుంటారేమోనండీ అన్నాడు. మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్తే, ఆయన పెట్టకుండా నేను పెడితే పెద్దంతరం చిన్నంతరం లేదనుకుంటారండీ అంది. రోజూ ఇదే. ఇద్దరూ నవ్వుతూ, చేతులు కట్టుకుని, నేనేం చెప్పినా ఆయ్ అంటూ. మనవాళ్ళ మర్యాద బస్సు తలుపు దగ్గర చూడాలి. మీరెక్కండంటే మీరెక్కండనుకుంటూ ఉంటారు, బస్సు వెళ్ళిపోతుంది. ఇక్కడ కూడా అదే జరగబోతోందని నాకు అర్థమైంది.

నాకు కోపం తొందరగా వస్తుంది. అది అందరికీ తెలిసిన విషయమే. గడువుకి ముందురోజు ఇద్దర్నీ నా గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి తలుపేశాను. మర్యాదలు బయట పెట్టి మాట్లాడమన్నాను. చివరికి రాజోలు అబ్బాయి, “నాకసలు వెళ్ళాలని లేదండి మాస్టారూ. పెళ్ళి కుదిరిందండి. మీరు అంత ముచ్చటపడి పేజీలో వేసేరు కదా, వద్దంటే బాధపడతారని చెప్పలేదండి” అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఒకరు వద్దని చెప్పలేక, ఇంకొకరు కావాలని చెప్పలేక, ఇంత మంచి అవకాశం గాలికి పోబోయింది. ఆ అమ్మాయి దరఖాస్తు అప్పుడే, నా ముందే పంపింది. పక్కన కూర్చుని స్పెల్లింగులు చూసింది రాజోలు అబ్బాయే.

కొన్నాళ్ళకి ఆ సంస్థ నుంచి ఫోను. మీ అమ్మాయి చివరి వడపోతలో ఉంది, మా పెద్దాయన ఒకరు వచ్చి తన పని స్వయంగా చూస్తారు అని. ఇంకా కొన్ని కాలేజీల పిల్లలు కూడా ఉన్నారట, ఎవరి పని గట్టిదని ఈయన చెబితే వాళ్ళకే. విభాగంలో పండగ వాతావరణం వచ్చేసింది. హెడ్ మేడం గోడలకి రంగులు వేయించారు. కాంటీన్ ఆయన పెసరట్టా, పూతరేకులా, రెండూనా అని నన్నడిగాడు. కానీ రాకముందే ఆయన ఒక సంగతి తెలియజేశారు. ఎంపికకి వెళ్ళిన చోట ఆయన ఏమీ తినరు, తాగరు. తన సీసాలో నీళ్ళు తానే తెచ్చుకుంటారు. తిన్న ఇంటికి మొగ్గారని రేపెవరూ అనకూడదట. మనిషి తెలుగాయనేగానీ ఎప్పుడో ఊరొదిలి వెళ్ళిపోయినాయన. వినగానే మా మేడం మొహం వాడిపోయింది. కోనసీమలో అడుగుపెట్టి ఏమీ ముట్టని మనిషిని ఎలా పలకరించాలో మాకెవరికీ తెలియదు.

ఆయన రానే వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా, చేతిలో చిన్న నోటు పుస్తకం. నమస్కారాలయ్యాక కొబ్బరి బొండాం పట్టుకుని నిలబడ్డ అటెండరు వైపు చూసి తల అడ్డంగా ఊపారు. అటెండరు ఆ బొండాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ఎవరో ఒకరు తాగితేగానీ అతను కదలడని నేనే తాగాను.

ఆ అమ్మాయి తన పని చక్కగా వివరించింది. పెద్దాయన శ్రద్ధగా విన్నారు. ఆ చెంచాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపారు. “ఈ రోజుల్లో చెంచాతో తినేవాళ్ళు అందరిళ్ళలో ఉన్నారమ్మా. అది అలవాటు అయ్యుండొచ్చు. నువ్వు నేరుగా అడిగినప్పుడు అందరూ ఏ బాధా లేదన్నారు. నేను ఏది నమ్మాలి?”

ఆయన అన్నది తప్పు కాదు. ఆ స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి, అడిగాను కూడా. ఆ అమ్మాయి, “మీరే వచ్చి చూడండి సార్” అంది.

కాలేజీ జీపులో ఉప్పలగుప్తం వైపు బయల్దేరాం. నేను, మేడం, పెద్దాయన, ఆ అమ్మాయి. ఆషాఢం. వాన వెలిసి దారికి రెండు పక్కలా కొబ్బరిమట్టలు నీళ్ళు కారుస్తున్నాయి. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి. ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఈ రోజు చేజారితే ఇంకో సంవత్సరం అవకాశం ఉండదని, ఆ సమయానికి పీజీయే అయిపోతుందని తనకి తెలుసు. మేడం నా వైపు చూస్తే నేను ధైర్యంగా ఉన్నట్టు మొహం పెట్టాను.

షెడ్డు ముందు జీపు ఆగింది. దిగి చూసి నేను అక్కడే ఆగిపోయాను. ఎప్పుడూ పాత చీరలు ఎగదోపి, నెత్తిన గుడ్డ కట్టుకుని ఉండే ఆడవాళ్ళు, ఆ రోజు పట్టుచీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. బల్లలు కడిగి తళతళలాడుతున్నాయి. అందరూ ఒకేసారి చేతులు జోడించారు. ఆ చేతులన్నిటికీ గోరింటాకు. అరచేతుల నిండా, వేళ్ళ సందుల్లో సైతం ఎర్రగా పండి ఉంది. పైన కొబ్బరినూనె కూడా రాసుకున్నారేమో మెరుస్తున్నాయి. ఎక్కడ పగులో, ఎక్కడ పుండో, ఏ డాక్టరూ చెప్పలేడు.

ఆ అమ్మాయి మొహం నేను చూడలేకపోయాను.

పెద్దాయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగారు. చేతులు మండుతాయా? లేదండి. పని దగ్గర ఇబ్బందా? మాకేటండి, బాగానే ఉన్నామండి, ఆయ్. రాత్రి నిద్ర పడుతుందా? ఆయ్, బాగా పడుద్దండి. ఒకావిడైతే ఈ షెడ్డు నీళ్ళు ఒంటికి చాలా మంచివండి అని కూడా అంది. ఆయన నోటు పుస్తకంలో రాసుకుంటూ వరస చివరిదాకా వెళ్ళి, పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు. “ఇక వెళ్దామా” అన్నారు మేడంతో. ఆయన గొంతులో కోపం లేదు, కాస్త జాలి ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది.

అప్పుడు షెడ్డులో అందరికన్నా పెద్దావిడ అడ్డంగా వచ్చి నిలబడింది. భోజనం సిద్ధంగా ఉందని, తినకుండా వెళ్ళడానికి వీల్లేదని చెప్పింది. పెద్దాయన తన నియమం చెప్పారు. ఆవిడ చాలా మర్యాదగా విని, “మీ నియమం మీదేనండి. కానీ మీకోసమని పొద్దున్నుంచి ఎవరూ ఎంగిలిపడలేదండి. మీరు తినకుండా మేం తినలేమండి” అంది.

ఆయన ఆ వరస వైపు చూశారు. పొద్దున్నుంచి పస్తున్న అంతమంది ఆడవాళ్ళు, చేతులు జోడించుకుని, నవ్వు మొహాలతో ఉన్నారు. ఆయన గడియారం చూసుకున్నారు. మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది. ఎన్నేళ్ళ నియమమో నాకు తెలియదు. మా పెద్దావిడ ముందు అది ఎంతోసేపు నిలవలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

అతిథులకి వడ్డించాక, వాళ్ళు చేయి కడుక్కున్నాకే తాము తినడం మన పద్ధతి. వాళ్ళు మేడానికీ, పెద్దాయనకీ, నాకూ మూడు ఆకులే వేశారు. అప్పుడు ఆ అమ్మాయి ముందుకొచ్చింది. ఆ రోజంతటిలో తను గట్టిగా మాట్లాడింది అప్పుడే.

“అలా వద్దండి పిన్నిగారూ. మీరూ కూచోండి. అందరం ఒకే బంతిలో తిందాం.”

పెద్దావిడ అదేం బాగుంటుందమ్మా అంది. ఈ అమ్మాయి వినలేదు. తనే అరిటాకులు పరిచింది, తనే అన్నం వడ్డించింది. పొగలు కక్కుతున్న అన్నం, మామిడికాయ వేసిన పచ్చిరొయ్యల ఇగురు, ముద్దపప్పు, కొత్తావకాయ. వాసనకే నాకు ఆకలి ఎక్కువైంది. పెద్దాయన ఆవకాయ కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎన్నాళ్ళకి తిన్నారో పాపం.

కళ్ళు తెరిచి చూసేసరికి బంతిలో ఎవరూ చేయి పెట్టలేదు. ఆకుల ముందు తలలు వంచుకుని కూర్చున్నారు. మీరు కానివ్వండి, మేం తింటాం అంటున్నారు. చివర కూర్చున్న ఒక చిన్న వయసావిడ, అతిథి చూస్తున్నాడు కదా అని, పప్పూ ఆవకాయా కలపబోయింది. వెంటనే చేయి వెనక్కి లాక్కుంది. నవ్వడానికి ప్రయత్నించింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ అమ్మాయి లేచింది. తిన్నగా ఐసు పెట్టె వెనక్కి వెళ్ళి, అక్కడ దాచిపెట్టిన ఒక పెద్ద స్టీలు గ్లాసు తెచ్చింది. దాని నిండా చెంచాలు. ఒక్కొక్క చెంచా కాడకి ఒక్కో రంగు దారం కట్టి ఉంది, ఏది ఎవరిదో తెలియడానికి. గ్లాసు బంతి మధ్యలో పెట్టింది. ముందుగా తనే ఒక చెంచా తీసుకుని, తన ఆకు ముందు కూర్చుని, దాంతో తినడం మొదలుపెట్టింది. ఎవరి వైపూ చూడలేదు.

కొంచెంసేపటికి పెద్దావిడ చేయి చాపి పసుపు దారం చెంచా తీసుకుంది. తర్వాత ఎర్ర దారం. తర్వాత ఆకుపచ్చ. గ్లాసు ఖాళీ అయిపోయింది.

పెద్దాయన ఆవకాయ చేత్తోనే ఉండిపోయారు. “ఎందుకమ్మా?” అన్నారు.

“మండిపోద్దండి” అంది పెద్దావిడ.

“ఇందాక అడిగితే లేదన్నారు.”

ఆవిడ చెంచా ఆకులో పెట్టేసింది. “మా డాక్టరమ్మని ఎంచుకోడానికి వచ్చేరని విన్నామండి. ఇన్నాళ్ళు ఈవిడ మా కోసం తిరిగినా మాకు తగ్గలేదంటే, ఈవిడకే కదండీ చెడ్డపేరు? అందుకని అందరం అనుకున్నాం, బాగున్నామనే చెబుదామని. గోరింటాకు కూడా అందుకేనండి.”

మేడం చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఆ అమ్మాయి మాత్రం ఏడవలేదు, నవ్వింది. చెంచా పట్టుకుని, పెద్దావిడ వైపు చూస్తూ, ఆపుకోలేనంతగా నవ్వింది. ఆ నవ్వుకి పక్కావిడ నవ్వింది, ఆవిడకి ఇంకొకావిడ, చివరికి షెడ్డంతా నవ్వులే. నేను కూడా నవ్వాను. ఈ మంచితనం దెబ్బకి ఇంకొంచెంలో ఆ పిల్ల పని అయిపోయేది.

ఇక ఆ తర్వాత వాళ్ళు ఆగలేదు. కలిసి తిన్నాక మనిషి పరాయివాడు కాదు కదా. చేతులు ముందుకు చాపి, గోరింటాకు కింద ఏమేముందో వేలితో చూపించి చెప్పారు. ఏ నెలలో ఎక్కువో, ఏ నూనెతో కొంచెం తగ్గుతుందో, తొడుగులిస్తే రొయ్య జారిపోయి పని సాగక ఎందుకు పక్కన పడేశారో అన్నీ చెప్పారు. అవయ్యాక మోకాళ్ళ నొప్పులు చెప్పారు. ఆ తర్వాత మొగుళ్ళ గురించి కూడా చెప్పారు. పెద్దాయన ఎడమచేత్తో నోటు పుస్తకం తీసి, కుడిచేయి కడుక్కునే తీరిక లేక, ఆ అమ్మాయిని రాయమని ఇచ్చారు. మారు వడ్డన ఆయన వద్దనే లోపే జరిగిపోయింది. ఆ సంగతి ఆయన ఎక్కడా రాసుకోలేదనుకుంటాను.

తిరుగు దారిలో పెద్దాయన నోటు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నారు. అమలాపురం దగ్గరపడుతుంటే ఆ అమ్మాయి వైపు తిరిగి, “నేను చాలా చోట్ల తిరిగాను. ప్రశ్న బాగా అడగడం నేర్పేవాళ్ళం మేం. నువ్వు జవాబు ఎక్కడుంటుందో చూశావు” అన్నారు. తర్వాత నా వైపు వంగి, మెల్లగా, ఆ ఆవకాయ ఎక్కడ దొరుకుతుందండీ అని అడిగారు.

ఆ అమ్మాయికే వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. ఆ సోమవారం పేజీలో ఆ వార్త ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. చివరికి ఉన్నదున్నట్టు రాసి, కింద కాంటీన్‌లో అందరికీ పెసరట్టు, మాస్టారి ఖర్చు అని వేశాను. ఆ వారం మాత్రం అందరూ పైనుంచి కిందిదాకా చదివారు. రాజోలు అబ్బాయి తన పెళ్ళి పిలుపు కూడా అందులోనే వేయమన్నాడు, వేశాను.

ఆరునెలల శిక్షణయ్యాక ఆ అమ్మాయి తిరిగొచ్చింది. చేతి తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి ఆ షెడ్డులో ప్రయత్నించింది. మందంగా ఉన్నవి వద్దన్నారు, పల్చనివి ముల్లుకి చిరిగిపోయాయి. ఆడవాళ్ళే కత్తెర పట్టుకుని, వేళ్ళ చివర ఇలా కావాలి, మణికట్టు దగ్గర అలా కావాలి అని కత్తిరించి చూపించారు. ఈసారి వాళ్ళు ఏ మొహమాటం లేకుండా బాగోలేదని చెప్పేవారు. అదే అన్నిటికన్నా పెద్ద విజయం అనేది ఆ అమ్మాయి. చివరికి ఒక రకం కుదిరింది. దాంతో పాటు ఐసు నీళ్ళు మార్చే పద్ధతి, పని మధ్యలో చేతులు ఆరబెట్టుకోడానికి విరామం. షెడ్డు యజమాని మొదట గొణిగాడు గానీ, చేతులు బాగున్న మనిషి ఎక్కువ పని చేస్తుందని తెలిశాక పక్క షెడ్ల వాళ్ళకి తనే చెప్పడం మొదలుపెట్టాడు. అలా ఆ తొడుగులు ఆ అమ్మాయి వాళ్ళమ్మ పనిచేసే షెడ్డుకీ చేరాయి.

నేను రిటైరయ్యాను. ఆ అమ్మాయి ఇప్పుడు మా విభాగంలోనే అధ్యాపకురాలు. ‘వార్తలు-అవకాశాలు’ రాయడానికి ఎవరున్నారన్న ప్రశ్న వచ్చినప్పుడు, మళ్ళీ అందరికీ రోగులు గుర్తొచ్చారట. ఈ అమ్మాయి మాత్రం మీరు రాయండంటే మీరు రాయండి అనలేదు. నేను రాస్తానండి, నాకు రాయాలని ఉంది అని చెప్పిందట. ఆ మాట విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

అందుకే ఈ పేజీ చదువుతున్న మీకు నేను చెప్పేది ఒకటే. మర్యాద మన సొత్తు, దాన్ని ఎక్కడికి వెళ్ళినా పట్టుకెళ్ళండి. కానీ మీకు కావలసింది ఉంటే కావాలని చెప్పండి. ఎదుటివాళ్ళు బాగున్నామండీ అంటే మాత్రం, ఒకసారి వాళ్ళతో కూర్చుని తినండి.

సోమవారం పేజీ ఇప్పటికీ నా ఫోనుకి వస్తుంది. అలవాటు చొప్పున నేనూ కింద నుంచే చదువుతాను. మొన్నీమధ్య ఒక సోమవారం చివరి లైను చూసి, కళ్ళజోడు సరిగ్గా ఉందా అని తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. మా ఆవిడ ఏమిటండీ వార్త అని అడిగితే ఫోను ఆవిడకిచ్చాను.

‘నిన్న మా అమ్మ ఆవకాయ అన్నం చేత్తో కలిపి నాకు ముద్ద పెట్టింది’ అని ఉంది.

ఆ వారం కాంటీన్‌లో ఏం చేశారో రాయలేదు. ఎవరూ అడగలేదని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.